హెల్మెట్ చాటున చెవి

గత మాసం కోనసీమ నుండి ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. వారి నివాసం కొత్తపేట సమీపంలో. ఇరవై మూడేళ్ల కుమారుడు రాజమహేంద్రవరంలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. ఉదయం బండి మీద బయలుదేరి, రావులపాలెం వద్ద జాతీయ రహదారి ఎక్కి, గౌతమి వంతెన దాటి, జొన్నాడ, కడియపులంక, వేమగిరి మీదుగా పట్టణం చేరుకుంటాడు. మగ్రిబ్ నమాజు ముగించుకొని అదే దారిన ఇంటికి వస్తాడు. రానూపోనూ రమారమి ఎనభై కిలోమీటర్లు, రెండు గంటలకు పైగా ప్రయాణం.

ఆ తల్లి అడిగినది చాలా చిన్న ప్రశ్న. "కొన్నాళ్లుగా మా అబ్బాయి చెవులు ఎర్రగా కంది ఉంటున్నాయి. హెల్మెట్ లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్ల వల్ల అంటున్నాడు. ఇప్పటికి మూడు రకాలు మార్చాడు. ఒకటి హెల్మెట్ తొడగగానే జారిపోతోందట, ఒకటి గుచ్చుకుంటోందట, ఒకటి అరగంటకే నొప్పి పుట్టిస్తోందట. నొప్పి పెట్టని రకం ఏదో చెప్పండి, కొనిస్తాను." ఇది ప్రశ్న. ఉత్తరం చివర, సంతకానికి పైన, మరొక వాక్యం ఉన్నది. "దారిలో నేను ఫోన్ చేస్తే మాట్లాడడానికే వాడు అవి పెట్టుకుంటున్నాడు. ఎత్తకపోతే నాకు గుండె దడ."

ఆ వాక్యాన్ని మేము పలుమార్లు చదువుకున్నాము. ముందుగా వారు అడిగినదానికి సమాధానం చెప్పి, పిదప ఆ చివరి వాక్యం దగ్గరకు వస్తాము. ఎందుకంటే ఇట్టి తల్లులు, ఇట్టి కుమారులు ఈ పత్రిక చదివే ఇళ్లలో ఎందరో ఉన్నారు.

మొదట నొప్పి ఎందుకు కలుగుతుందో చూద్దాం. హెల్మెట్ తలను కాపాడేది బిగువుగా ఉన్నప్పుడే. పైన గట్టి డిప్ప, దాని లోపల దెబ్బను పీల్చుకునే థర్మోకోల్ వంటి పొర, దాని లోపల మెత్తని స్పాంజి ఉంటాయి. ముఖమంతా కప్పే హెల్మెట్‌లో చెవికి మిగిలేది నిస్సారమైన చిన్న గుంట మాత్రమే. చెవి నుండి బయటికి పొడుచుకు వచ్చిన వస్తువు ఏదైనా సరే, ఆ స్పాంజి దానిని చెవిలోనికి నెడుతుంది. చెవి రంధ్రానికి ముందున్న చిన్న మృదులాస్థి మీద ఆ ఒత్తిడి పడుతుంది. పది నిమిషాలు అది తెలియదు. అరగంటకు సలుపు మొదలవుతుంది. గంటకు తలనొప్పిగా మారుతుంది. మన అబ్బాయిలలో చాలామంది కొంటున్న, కింది వైపు కాడలా వేలాడే వైర్‌లెస్ బడ్స్ హెల్మెట్‌కు బొత్తిగా పనికిరావు. హెల్మెట్ తొడిగేటప్పుడు ఆ కాడ స్పాంజికి తగిలి మెలి తిరుగుతుంది. తీసేటప్పుడు బడ్ ఊడి రోడ్డు మీద పడుతుంది.

కనుక చెవి గుంటలో పూర్తిగా ఇమిడిపోయి, బయటికి ఉబ్బెత్తుగా కనిపించని చిన్న రకాన్ని ఎన్నుకోవాలి. పరీక్ష చాలా సులభం. ఇయర్‌ఫోన్ పెట్టుకొని, అరచేతిని చెవి మీద చదునుగా ఆనించి చూడండి. అరచేతికి గట్టిగా ఏదైనా తగిలితే హెల్మెట్‌కూ తగులుతుంది. రెండవ పరీక్ష దిండు మీద. ఆ చెవి కిందికి వచ్చేటట్లు పక్కకు తిరిగి పావుగంట పడుకోండి. దిండు మీద బాధించనిది హెల్మెట్‌లోనూ చాలావరకు బాధించదు. ఆ తరువాత ఇంట్లోనే హెల్మెట్ తొడుక్కొని అరగంట కూర్చోండి. దుకాణంలో రెండు నిమిషాలు పెట్టి చూసి కొనడం వల్లనే మూడు రకాలు మార్చవలసి వస్తోంది.

చెవిలో దూరే కొస విషయంలోనూ జాగ్రత్త అవసరం. సాధారణంగా పెట్టెలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు జతల రబ్బరు కొసలు వస్తాయి. చాలామంది మొదట అమర్చి ఉన్నదానినే వాడి, మిగిలినవి పారేస్తారు. మనిషికి రెండు చెవుల రంధ్రాలు కూడా ఒకే కొలతలో ఉండకపోవచ్చు. ఏ చెవికి ఏది సరిపోతుందో విడివిడిగా చూసుకోవాలి. నొక్కితే కుంచించుకుపోయి, చెవిలో మెల్లగా విప్పారే స్పాంజి కొసలు రబ్బరు కంటె మెత్తన. కాని మన డెల్టా ఉక్కపోతలో అవి చెమటను పీల్చుకుంటాయి కనుక తరచు మార్చాలి.

వైరు ఉన్న రకమైతే వైరును మెడ వెనుకగా చొక్కా లోపలికి పంపాలి. ముందు వైపు వేలాడే వైరు హ్యాండిల్‌కు చిక్కుకుంటే క్షణంలో ప్రమాదం. హెల్మెట్ తొడిగేటప్పుడు రెండు పట్టీలను చేతులతో వెడల్పుగా లాగి పట్టుకొని, నుదుటి వైపు నుండి వెనుకకు దించాలి. అలా చేస్తే చెవి మడత పడదు.

చెవిలో ఏమీ పెట్టకుండా, హెల్మెట్‌లోని చెవి గుంటలో అతికించే పలుచని స్పీకర్లు కూడా దొరుకుతున్నాయి. చెవికి అన్నిటికంటె హాయి ఇవే. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది కనుక బయటి శబ్దం కూడా వినబడుతుంది. అయితే స్పీకరు సరిగ్గా రంధ్రానికి ఎదురుగా ఉండాలి. కాస్త పక్కకు జరిగినా శబ్దం తగ్గిపోతుంది, అప్పుడు మనిషి వాల్యూమ్ పెంచుతాడు. ఇక కణత ఎముక మీద ఆని శబ్దాన్ని పంపే రకాన్ని హెల్మెట్ పట్టు కణతకు గట్టిగా అదుముతుంది. చాలామందికి అది సరిపడదు.

ఇక్కడ రెండు తప్పులు చాలా ఇళ్లలో జరుగుతున్నాయి. ఇయర్‌ఫోన్‌కు చోటు కావాలని ఒక కొలత పెద్ద హెల్మెట్ కొనడం మొదటిది. వదులైన హెల్మెట్ దెబ్బ తగిలినప్పుడు తల మీద తిరిగిపోతుంది, ఊడిపోతుంది కూడా. స్పీకరు అమర్చడానికి లోపలి థర్మోకోల్ పొరను చాకుతో చెక్కడం రెండవది. ప్రాణం నిలిపేది ఆ పొరే. దానిని చెక్కిన హెల్మెట్ పోలీసు కంటికి హెల్మెట్‌గా కనిపించవచ్చు గాని, రోడ్డు దానిని హెల్మెట్‌గా లెక్కించదు. 2021 జూన్ 1 నుండి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను తయారు చేయడం, అమ్మడం దేశంలో నిషిద్ధం. దాని ప్రమాణం సంఖ్య ఐఎస్ 4151. రోడ్డు పక్కన రెండు వందలకు దొరికే డిప్పలో ఎంత మంచి ఇయర్‌ఫోన్ పెట్టినా ప్రయోజనం లేదు.

మన ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కళాశాలలకు, బడులలో ఉద్యోగాలకు స్కూటీల మీద వెళ్తున్న అమ్మాయిలు స్కార్ఫ్ మీద హెల్మెట్ ధరిస్తున్నారు. స్కార్ఫ్‌కు చెవుల దగ్గర, గడ్డం కింద గుచ్చే పిన్నులు హెల్మెట్ లోపల ఉండకూడదు. పడితే ఆ పిన్ను చర్మంలోనికి దిగుతుంది. పలుచని నూలు టోపీ వంటి లోపలి వస్త్రం తలకు అతుక్కొని ఉండేటట్లు కట్టి, దాని మీద హెల్మెట్ బిగించి, చేరిన తరువాత స్కార్ఫ్ సవరించుకోవడం క్షేమం. పట్టీ గడ్డం కిందనే బిగియాలి. మడతలు పడిన గుడ్డ మీద బిగిస్తే వదులవుతుంది. స్కార్ఫ్, దాని కింద ఇయర్‌ఫోన్, దాని పైన హెల్మెట్ అంటే చెవికి మూడింతల ఒత్తిడి, మూడింతల చెమట. అట్లే అబ్బాయిలు దళసరి టోపీ మీద హెల్మెట్ పెట్టకుండా, టోపీని జేబులో ఉంచుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ విధించింది. తలపాగా ధరించిన సిక్కులకు ఇచ్చిన మినహాయింపు మన టోపీకి, స్కార్ఫ్‌కు లేదు.

నొప్పి తగ్గించుకునే ఉపాయాలు ఇవి. కాని చెవికి నొప్పి తెలియకుండా జరిగే నష్టం మరొకటి ఉన్నది.

బండి వేగం సుమారు అరవై అయిదు కిలోమీటర్లు దాటితే హెల్మెట్ లోపల ఇంజను శబ్దం కంటె గాలి శబ్దమే ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ ఆ హోరు పెరుగుతుంది. ఆ హోరు మీద మాట వినబడాలంటే వాల్యూమ్ దాని కంటె పైకి పోవాలి. అలా చెవి రెండు శబ్దాల భారం మోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత ఇది. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. మన కొత్తపేట అబ్బాయి రోజుకు రెండు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు ప్రయాణిస్తే 12 గంటలవుతుంది. అతడు 90 డెసిబెల్స్ స్థాయిలో వింటున్నట్లయితే అనుమతించిన దానికి మూడు రెట్లు వింటున్నాడన్నమాట.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. అవి ఒకసారి నశిస్తే మనిషికి మళ్లీ మొలవవు. ఇంటికి చేరాక చెవిలో గుయ్యిమని మ్రోగడం, ఎదుటివారి మాట దూరం నుండి వచ్చినట్లుండడం దాని మొదటి హెచ్చరికలు. కనుక వాల్యూమ్‌ను ఇంటి వద్ద, నిశ్శబ్దంలో, అరవై శాతానికి మించకుండా నిర్ణయించుకోవాలి. రోడ్డు మీద వినబడకపోతే వినడం మానుకోవాలే గాని పెంచకూడదు.

చెవి శుభ్రత కూడా ఇందులో భాగమే. గోదావరి జిల్లాల తేమలో, మూసి ఉంచిన చెవిలో చెమట నిలిస్తే బూజు వంటి శిలీంధ్రం పెరుగుతుంది. దురద, చెవి మూసుకుపోయినట్లుండడం, నీరు కారడం కనిపిస్తే కొబ్బరినూనె పోయడం, పుల్లతో గెలకడం చేయక వైద్యునికి చూపించాలి. ఇయర్‌ఫోన్‌ను ప్రతి దినం పొడి గుడ్డతో తుడవాలి. ఒకరిది మరొకరు వాడకూడదు, అన్నదమ్ములైనా సరే.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మాలో ఒకరు కొన్నేళ్ల క్రితం, వరికోతల కాలంలో, కాలువ గట్టు మీద బండి నడుపుతూ రెండు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ధార్మిక ప్రసంగం వింటున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరి డెల్టా అంతటా పారే కాలువల గట్లు ఎటువంటివో పాఠకులకు తెలియనిది కాదు. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పల్లపు చేను, మధ్య రెండు బండ్లు ఒరుసుకుంటూ పోవలసిన దారి. వెనుక నుండి ధాన్యం ట్రాక్టరు చాలాసేపు హారన్ కొట్టిందట. వీరికి వినబడలేదు. గుంతను తప్పించడానికి కుడికి తిప్పిన క్షణంలో ట్రాక్టరు డ్రైవరు బ్రేకు వేయడం వల్ల బ్రతికారు. బండి కాలువ అంచున ఆగింది. డ్రైవరు దిగివచ్చి, "ఏమండీ, చెవుల్లో ఏం పెట్టుకున్నారు?" అని మాత్రం అడిగాడట. ఆ ప్రసంగంలో ఏమి విన్నారో వారికి నేటికీ జ్ఞాపకం లేదు. ఆ ప్రశ్న జ్ఞాపకం ఉన్నది.

మన దారులలో కన్ను చూడలేని దానిని చెవి చెబుతుంది. అరటి తోటల మలుపు అవతల నుండి వచ్చే లారీని, కాపలా లేని దారిలో వెనుక దూసుకువచ్చే బస్సును, కొవ్వూరు నుండి రాజమహేంద్రవరానికి 1974 నాటి రోడ్డు రైలు వంతెన మీద వెళ్లేటప్పుడు వెనుక దగ్గరపడుతున్న వాహనాన్ని ముందుగా పట్టేది చెవే. వంతెనకు కింద రైలు పోతుంటే ఆ మ్రోతలో హారన్ గుర్తించడం మామూలు చెవికే కష్టం. మూసుకున్న చెవి మాట చెప్పనక్కరలేదు.

మాట్లాడడం పాట వినడం కంటె ప్రమాదకరం. చేయి ఖాళీగా ఉన్నంత మాత్రాన మనసు ఖాళీగా ఉండదు. వాహనం నడుపుతూ ఫోన్ వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని, చేతితో పట్టుకోకుండా మాట్లాడే పద్ధతి కూడా అంతకంటె పెద్దగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెంపకూ హెల్మెట్‌కూ మధ్య ఫోన్ దోపుకొని మాట్లాడే మన ఊళ్ల అలవాటు ఈ రెండు కీడులకు తోడు హెల్మెట్ పట్టును కూడా చెడగొడుతుంది.

చట్టం సంగతి కూడా స్పష్టంగా తెలుసుకుందాం. 2019 సవరణ తరువాత, వాహనం నడుపుతూ చేతి ఫోన్ వాడడం 184వ సెక్షను కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా పరిగణింపబడుతుంది. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా, వాడుకోవచ్చునని 2020 అక్టోబరు నుండి నిబంధన ఉన్నది. హెల్మెట్ లేకుంటే 194డి సెక్షను ప్రకారం వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. 2023లో మన రాష్ట్రంలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని బండి నడిపితే ఇరవై వేల రూపాయల జరిమానా అన్న వార్త ఫోన్లలో ఊరూరా తిరిగింది. అది నిజం కాదని రవాణా శాఖ ప్రకటించవలసి వచ్చింది. వార్త వస్తే నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్ నేర్పిన సమాజం మనది. అయినా ఆ వార్తను పంచినవారిలో మనవారూ ఉన్నారు. జరిమానా ఇరవై వేలు కాదు కనుక పరవాలేదని ఇయర్‌ఫోన్ మళ్లీ తగిలించుకున్నవారిలోనూ మనవారు ఉన్నారు.

"మేము పాటలు వినము, ఖుర్ఆన్ పారాయణమే వింటాము" అని కొందరు యువకులు మాతో అన్నారు. వారి ఉద్దేశాన్ని మేము గౌరవిస్తున్నాము. అయితే పారాయణం జరిగేటప్పుడు మౌనంగా, శ్రద్ధగా ఆలకించాలన్నది మనకున్న ఆదేశం. రోడ్డు కూడా పూర్తి శ్రద్ధ కోరుతుంది. రెండింటికీ సగం సగం ఇస్తే పారాయణానికీ న్యాయం జరగదు, ఎదురుగా వచ్చే పాదచారికీ న్యాయం జరగదు. బండి ఎక్కేటప్పుడు ప్రయాణ దుఆ చదివి, చేరిన తరువాత తీరికగా వినడం మేలని మా అభిప్రాయం.

ఇక ఆ తల్లి వ్రాసిన చివరి వాక్యం.

అమ్మా, మీ అబ్బాయి చెవి కందడానికి కారణం ఇయర్‌ఫోన్. ఇయర్‌ఫోన్‌కు కారణం మీ ఫోన్. ఈ మాట వ్రాయడానికి మాకు కష్టంగానే ఉన్నది. చీకటి పడ్డాక జాతీయ రహదారి మీద బిడ్డ ఉంటే తల్లి మనసు ఎలా కొట్టుకుంటుందో మాకు తెలుసు. కాని మీ పిలుపు అతడిని చేరే సమయంలో అతడు గౌతమి వంతెన మీద ఉండవచ్చు, ఇసుక లారీ పక్కన ఉండవచ్చు. మీ గొంతు వినగానే అతని ధ్యాస మీ వైపు మళ్లుతుంది. క్షేమం తెలుసుకోవాలని మీరు చేసిన పిలుపే క్షేమానికి అడ్డు కాకూడదు.

మేము వారికి వ్రాసిన సలహా ఇది. రాజమహేంద్రవరంలో బండి ఎక్కే ముందు అబ్బాయే ఫోన్ చేయాలి. రావులపాలెం చేరాక, బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, రెండవసారి చేయాలి. ఆ రెంటికీ మధ్య ఎవరూ పిలవకూడదు. అబ్బా పిలవకూడదు, దుకాణం యజమాని పిలవకూడదు, పెళ్లైన ఆపా పిలవకూడదు. నడిపే సమయంలో వచ్చే పిలుపులకు తానే జవాబు పంపే అమరిక చాలా ఫోన్లలో ఉన్నది, దానిని వాడుకోవాలి. దారి చెప్పే గొంతు తప్పనిసరి అయిన కొత్త ఊరి ప్రయాణాలకు మాత్రం పలుచని స్పీకరు, తక్కువ వాల్యూమ్, అవసరం తీరగానే నిలిపివేత. రోజూ పోయే దారికి అదీ అక్కరలేదు.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు ఆమె నుండి రెండవ ఉత్తరం వచ్చింది. మొదటి మూడు రోజులు చాలా కష్టమైందట. ఫోన్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి, వంట చేసుకుంటూ, దాని వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారట. నాలుగవ రోజు రావులపాలెం నుండి రావలసిన ఫోన్ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. పిలవాలని చేయి పోయిందట, పిలవలేదట. వేమగిరి దగ్గర టైరు పంక్చరైందని తరువాత తెలిసింది. "ఆ ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో అల్లాహ్‌కే తెలుసు. కాని వాడు బండి పక్కకు ఆపి, నిదానంగా బాగు చేయించుకొని వచ్చాడు" అని వ్రాశారు.

అబ్బాయి చెవుల కందు తగ్గిందట. మూడు రకాల ఇయర్‌ఫోన్లూ బల్ల సొరుగులో ఉన్నాయట. ఒక జతను ఆదివారం మధ్యాహ్నం పడుకొని వింటున్నాడట, అరవై శాతం లోపే.

పాఠకులు ఈ పూట తమ ఇంట బండి మీద తిరిగే వారిని ఒక మాట అడగండి. దారిలో ఫోన్ మ్రోగితే, అది ఎవరిదై ఉంటుందని? జవాబు మీ పేరే అయితే, రేపటి నుండి ఏ రెండు చోట్ల ఆగి మాట్లాడాలో ఇద్దరూ కూర్చొని నిర్ణయించుకోండి. అల్లాహ్ మన బిడ్డలను ఇళ్లకు క్షేమంగా చేర్చుగాక. ఆమీన్.